శనివారపు ఎలుగుబంటి

పోయినేడాది వేసవిలో ప్రతి శనివారం మధ్యాహ్నం నేను ఒక తెల్ల ఎలుగుబంటిని ఉడకబెట్టుకుని తిన్నాను. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. అరచేతిలో పట్టే ఎలుగుబంటి. జెల్లీతో పోతపోసిన ఒళ్ళు, నువ్వుగింజలంత కళ్ళు, బొజ్జ మీద ముడుచుకున్న చేతులు. దాన్ని చిన్న గిన్నెలో కూర్చోబెట్టి కింద మంట వెలిగిస్తే, స్నానానికి దిగిన పసిపిల్లాడిలా కాసేపు కుదురుగా కూర్చుంటుంది. తర్వాత నడుము దాకా కరుగుతుంది, మెడ దాకా కరుగుతుంది. చివరికి రెండు కళ్ళు మాత్రం పైన తేలుతుండగా గిన్నెడు చారు అయిపోతుంది.

మేముండేది న్యూజెర్సీలో, పార్సిప్పనీలో. మా అపార్ట్‌మెంట్ల దగ్గర రూట్ ఫార్టీసిక్స్ రోడ్డు ఎక్కితే, ఒక డెంటిస్టుకీ నెయిల్ సెలూన్‌కీ మధ్య ఉంటుంది ఆ హోటలు. పేరు కుమా నాబే. జపాన్ భాషలో కుమా అంటే ఎలుగుబంటి అనీ, నాబే అంటే వంటకుండ అనీ మా అమ్మాయి వేద చెప్పింది. లోపల ఎటు చూసినా ఎలుగుబంట్లే. కుర్చీల వీపులకు చెవులు, గిన్నెల మూతలకు చెవులు, ఖాళీ కుర్చీలో మనకు తోడుగా కూర్చోబెట్టడానికి మనిషంత బొమ్మలు. ఎవరి ముందు వాళ్ళకు బల్లలోనే చిన్న పొయ్యి, ఎవరి గిన్నె వాళ్ళది. చారు మరుగుతుంటే పువ్వుల్లా కోసిన క్యారెట్టు, పుట్టగొడుగులు, టోఫూ, తినేవాళ్ళయితే కాగితంలా తరిగిన మాంసం, ఒక్కొక్కటే వేసుకుని ఉడికింది ఉడికినట్టు తినాలి. తెచ్చిపెట్టేది పిల్లి మొహం ఉన్న రోబో. ఆర్డరు బల్ల మీదున్న ట్యాబ్లెట్‌లో పెట్టాలి. అంటే, ఇందులో ఏముందమ్మా అని అడుగుదామన్నా దగ్గర్లో మనిషి ఉండడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అంతకు ముందు చలికాలంలో వేద తిండి మానేసింది. పదమూడేళ్ళ పిల్ల. స్కూల్లో ఎవరో ఏదో అన్నారు. అద్దం ముందు నిలబడటం మొదలైంది. ఆ తర్వాత ప్రతి డబ్బా, ప్రతి ప్యాకెట్టూ తిప్పి వెనక ఏం రాసుందో చదివి పక్కన పెట్టేయడం మొదలైంది. డాక్టరూ కౌన్సెలరూ ఒకే మాట చెప్పారు. బలవంతం చేయకండి, తిండి గురించి మాట్లాడకండి, ముగ్గురూ కలిసి కూర్చుని తినండి అని. కూర్చున్నాం. పిల్ల పప్పన్నంలో మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలుకుతుంటే చూడనట్టు నా కంచంలోకే చూసుకునేదాన్ని. బయట మంచు ఎంత పడిందో మాట్లాడేదాన్ని.

నాకు ఇక చేతనైంది ఒక్కటే. బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి మొక్కుకున్నాను. పిల్ల మళ్ళీ నవ్వుతూ అన్నం తిని, నేను దాన్ని తెచ్చి నీ ఎదుట నిలబెట్టేదాకా నీచు ముట్టను స్వామీ అని. మాది నెల్లూరు. చేపల పులుసు రాత్రి కాచి పొద్దున తినే ఇంట్లో పుట్టినదాన్ని. నీచు మానడమంటే నాకు ఊపిరి సగం మానడం. అయినా ఒక్కసారి కూడా నాలుక తప్పలేదు. ప్రతి శనివారం పొద్దున్నే గుడికి వెళ్ళి ఆ మాటే మళ్ళీ చెప్పుకుని వచ్చేదాన్ని.

మే నెలాఖరులో ఒక శనివారం గుడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను. వేద గదిలోంచి వచ్చి, ఆ బేర్ ప్లేస్‌కి వెళ్దామా అని అడిగింది. ఫ్రెండు గీతాంజలి ఫోటో పెట్టిందట. ఎన్నో నెలల తర్వాత తిండి తినే చోటుకి వెళ్దామని దాని నోట వచ్చిన మొదటి మాట అది. మా ఆయన తేజేశ్వర్ ఆఫీసు కాల్‌లో ఉన్నవాడు ఉన్నట్టుండి లాప్‌టాప్ మూసేసి కారు తాళాలు అందుకున్నాడు. నేను విప్పిన చెప్పులే మళ్ళీ తొడుక్కున్నాను.

అక్కడ ట్యాబ్లెట్ మా ఆయన చేతిలో ఉంది. వేద దాని మీదికి వంగి, అలవాటు ప్రకారం అన్నీ చదివింది. చదివి, అందరూ బేర్ తీసుకుంటే తనూ తీసుకుంటానంది. "అమ్మా, యూ టూ" అంది.

"ఇందులో నీచు ఏమీ లేదు కదండీ?" అన్నాను.

ఆయన ట్యాబ్లెట్ మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. కొంచెం ఎక్కువసేపే జరిపాడు. "జెల్లీ" అన్నాడు.

"చైనా గ్రాసా?"

"ఆఁ, అలాంటిదే."

చూశారా, అబద్ధంలో సగం నేనే అందించాను. చైనా గ్రాస్ సముద్రపు నాచుతో చేస్తారు. మా అమ్మ వేసవి సెలవుల్లో పాలల్లో వేసి, యాలకులు కొట్టి, పళ్ళెంలో ముక్కలు కోసి పెట్టేది. కాబట్టి ఇక నాకు అనుమానం ఎందుకొస్తుంది? పదహారేళ్ళు కాపురం చేసిన మనిషి చెప్పాక, మళ్ళీ ట్యాబ్లెట్ లాక్కుని చదివి చూసుకుంటారా ఎవరైనా?

ఎలుగుబంటి కరిగింది. నేను చెంచాతో తాగి, "అబ్బ, ఏం రుచి!" అన్నాను. వేద వాళ్ళ నాన్న వంక చూసి, నా వంక చూసి, పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నవ్వుతూ నవ్వుతూనే చెంచా ముంచింది. ఒకటి తాగింది, ఇంకొకటి తాగింది, టోఫూ ముక్క తింది. నేను చేతులు కడుక్కునే నెపంతో బాత్రూంలోకి పోయి, కొళాయి తిప్పి, కరువుతీరా ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

అక్కణ్ణించి ప్రతి శనివారం అదే వరస. పొద్దున అర్చన, మధ్యాహ్నం ఎలుగుబంటి. నుదుటి కుంకుమ నుదుటనే ఉండేది. వేద ప్రతిసారీ "అమ్మా, ఫస్ట్ నువ్వు" అని నా మొదటి చెంచా కోసం కాచుకుని కూర్చునేది. నేను తాగి, అబ్బ అనేదాన్ని. తండ్రీకూతుళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నేను అలా అంటేనే పిల్ల నవ్వుతోందని కనిపెట్టి, వారం వారం నా నటన పెంచుకుంటూ పోయాను. కళ్ళు మూసుకుని తాగాను. చెంచా నాకాను. గిన్నె ఎత్తి చివరి బొట్టు వంచుకున్నాను. వట్టి చైనా గ్రాసుకి ఇంత కమ్మదనం ఎలా వస్తుందండీ అని ఒకరోజు అడిగితే మా ఆయనకు పొలమారింది. "మష్రూమ్స్, అమ్మా" అంది వేద, నీళ్ళ గ్లాసు వాళ్ళ నాన్నకు అందిస్తూ.

ఒక ఆదివారం ఇంకా పెద్ద ఘనకార్యం చేశాను. ఇండియన్ స్టోర్‌లో చైనా గ్రాస్ కొని, ఎలుగుబంటి అచ్చు తెప్పించి, కూరగాయలు ఉడికించిన నీళ్ళతో నేనే ఇంట్లో ఎలుగుబంటిని పోతపోశాను. అందంగా వచ్చింది. కరిగాక నోట్లో పెట్టుకుంటే ఉప్పేసిన వేడినీళ్ళలా ఉంది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కాక మిరియాలు వేసి చూశాను, అల్లం వేసి చూశాను. ఆ ఇద్దరూ సోఫాలో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నా వంటను చూసి నవ్వుతున్నారు అనుకుని నేనూ నవ్వాను. ఆ రోజు వేద రాత్రి పెరుగన్నం అడిగి పెట్టించుకుంది.

జులైలో పెసరట్టు అడిగింది. ఆగస్టు వచ్చేసరికి బుగ్గలు నిండాయి. కౌన్సెలర్ మొహంలో కూడా నవ్వు కనిపించింది. ఇక స్కూళ్ళు తెరిచేలోపు పిల్లను స్వామి ఎదుట నిలబెట్టి మొక్కు తీర్చుకుందామని అనుకున్నాను. ఆ వేసవంతా నాకున్నంత నిండు మనసు పెళ్ళయిన కొత్తలో కూడా లేదు.

ఆ సంతోషంలోనే శ్రీవిద్యను కుమా నాబేకి భోజనానికి పిలిచాను. శ్రీవిద్య మా కింద అపార్ట్‌మెంట్లో ఉంటుంది, వరంగల్ అమ్మాయి. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని ఇల్లు వాళ్ళది. మా చలికాలం సంగతంతా తెలిసిన మనిషి తనొక్కతే. ఆవిడకు ఆ తిండి పడదేమో, సరవణా హోటలుకి దోసెలకు తీసుకెళ్దాంలే అని మా ఆయన రెండుసార్లు అన్నాడు. ఎంత మర్యాదో అనుకున్నాను.

శ్రీవిద్యకు ఒక అలవాటుంది. ఏ హోటలుకి వెళ్ళినా మనిషిని పిలిచి, నూనె వేరా, కత్తి వేరా, గరిటె వేరా అని ప్లీడరులా ప్రశ్నిస్తేగానీ నీళ్ళు కూడా తాగదు. ట్యాబ్లెట్టూ రోబో పిల్లీ ఆవిడ దగ్గర పనిచేయలేదు. పిల్లి మెడలో గంట మోగించుకుంటూ నాలుగు ఎలుగుబంట్లు తెచ్చి నిలబడితే, దాన్ని దాటి పోయి లోపల్నుంచి మేనేజరును వెంటబెట్టుకొచ్చింది. నడివయసు ఆవిడ, మంచి మనిషి. అప్పటికే నేను ఇది చైనా గ్రాస్, నువ్వు కళ్ళు మూసుకుని తిను అని శ్రీవిద్యకు హామీ ఇచ్చి ఉన్నాను.

మేనేజరు చేతులు ఊపింది. ఎలుగుబంటి వెజిటేరియన్ కాదనీ, పంది ఎముకలూ కోడి ఎముకలూ ఒక రోజంతా కాచి చల్లారబెడితే ఇలా గడ్డకడుతుందనీ, వెజిటేరియన్లకు నాచుతో కాచిన చారు వేరే ఉందనీ, మెనూలో రాసే ఉంటుందనీ నవ్వుతూ వివరంగా చెప్పింది.

నాకు మొదట అర్థం కాలేదు. తెలియనివాళ్ళు ఇలాంటి మాట వింటే ఉలిక్కిపడతారు కదా, నోరు తెరుస్తారు కదా. మా బల్ల దగ్గర ఉలిక్కిపడింది శ్రీవిద్య ఒక్కతే. మా ఆయన ట్యాబ్లెట్ తీసి దాని గాజు తుడవడం మొదలుపెట్టాడు. వేద ఆయన వంక చూసింది. నా వంక చూడలేదు, ఎలుగుబంటి వంక చూడలేదు. ఇప్పుడేం చేద్దాం అని అడుగుతున్నట్టు నేరుగా వాళ్ళ నాన్న వంక చూసింది.

ఆ చూపుతో నాకు వేసవంతా అర్థమైపోయింది.

శ్రీవిద్య నా చెయ్యి పట్టుకుంది. "తెల్వక తింటే దోషం లేదక్కా. నువ్ పరేషాన్ గాకు" అంది మెల్లగా. నేను తల ఊపాను. తెలియనిది మా ఇంట్లో నాకొక్కదానికేనని ఆ పిచ్చిదానికి ఎలా చెప్పను? శ్రీవిద్యకు నాచు చారు తెప్పించాం. నేను ఆవిడతో వాళ్ళ చెల్లెలి పెళ్ళి సంగతులన్నీ అడిగి తెలుసుకున్నాను. నా గిన్నె కింద మంట వెలిగించలేదు. ఎలుగుబంటి చేతులు ముడుచుకుని అలాగే కూర్చుంది.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడ్డాను. మా ఆయన వెనకాలే వచ్చాడు. ఆ రోజు పిల్ల నోరు తెరిచిందని, నేను తినకపోతే అది తినేది కాదని, ఆ క్షణంలో ఏం తోచక అలా అనేశానని, తర్వాత వారం చెబుదామనుకుని చెప్పలేకపోయానని, చాలా చెప్పాడు. అన్నీ నిజాలే అయ్యుండొచ్చు.

"నన్ను అడిగారా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివా రాగిణీ? పొద్దస్తమానం ఆ మొక్కేనాయె."

"ఒప్పుకునేదాన్ని. పంది ఎముకలేం ఖర్మ, దానికోసం విషం పోసినా తాగేదాన్ని. తెలిసి తాగేదాన్ని. స్వామికి నేనే చెప్పుకునేదాన్ని. ఆ ఒక్కటీ నాకు లేకుండా చేశారు మీరు."

ఆయన తల దించుకున్నాడు. పోనీ అంతటితో ఊరుకుందునా, ఊరుకోలేకపోయాను. "మొదటివారం నోరు జారారు, సరే. వారం వారం నవ్వారే, అదెందుకు?" అన్నాను.

ఆయన తేలు కుట్టిన దొంగలా సింకు దగ్గర కొళాయి వంక చూస్తూ నిలబడ్డాడు. జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

"అమ్మా, ఇట్ వాజ్ అవర్ థింగ్. డాడీకీ నాకూ" అంది వేద. "నువ్వు యమ్మీ యమ్మీ అంటావు కదా, ఫన్నీగా ఉంటది. నవ్వితే, ఐ ఫర్గెట్. నవ్వితే నేను తినగలుగుతా."

పిల్ల మీద అరవలేను. అరిస్తే మళ్ళీ ఏమవుతుందోనని భయం. మా ఆయన మీద అరిచినా పిల్ల వింటుంది. బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. నా బిడ్డ బతకడానికి ఒక వెర్రిబాగులది కావాల్సి వచ్చింది. ఆ వెర్రిబాగులదాన్ని నేనే అయ్యాను. అడిగి ఉంటే ఆ వేషం కూడా సంతోషంగా కట్టేదాన్ని. నా మొహానికి వాళ్ళే రంగు పూసి, అద్దం దాచేశారు.

ఆ వారం వేద కంచం మళ్ళీ నిండుగానే వెనక్కి రావడం మొదలైంది. ఇడ్లీ తుంచి, తుంచిన ముక్కలు వరసగా పేర్చి లేచిపోయేది. సారీ అని నోటితో చెప్పడం రాక, ఆకలితో చెబుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయన కంచం వంకా నా వంకా మార్చి మార్చి చూసేవాడు. చివరికి ఒకరోజు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. చేసిందంతా వాళ్ళు, సరిదిద్దాల్సింది నేను. కానీ కంచంలో ఇడ్లీ ముక్కలు అలా వరసగా ఉంటే కోపాన్ని ఎంతసేపని నెత్తిన పెట్టుకుని ఊరేగను?

శనివారం పొద్దున గుడికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మధ్యాహ్నం కారు తాళాలు తీసుకుని, "వేదా, పద" అన్నాను. నేనూ రానా అని అడిగాడు మా ఆయన. వద్దన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

కుమా నాబేలో మా బల్లే దొరికింది. ట్యాబ్లెట్ నేను తీసుకున్నాను. ఎలుగుబంటి బొమ్మ నొక్కితే కింద చిన్న అక్షరాల్లో అంతా రాసుంది. మొదటి మాటే పంది. వేసవంతా నా మోచేతి పక్కనే ఉంది ఆ మాట. పై నుంచి కింది దాకా చదివి, రెండు ఎలుగుబంట్లు నొక్కాను. పిల్లి గంట మోగించుకుంటూ తెచ్చింది. ఒకటి వేద ముందు పెట్టాను, ఒకటి నా గిన్నెలో కూర్చోబెట్టాను. మంట వెలిగించబోతుంటే వేద నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మా" అంది, దాని అమెరికా తెలుగులో నీచు అనే మాట ఎన్నడూ పలకని పిల్ల, కూడబలుక్కుంటూ. "అందులో నీచు ఉంది."

"తెలుసు. నేనే ఆర్డరు చేశాను."

"నీ మొక్కు?"

"నా మొక్కు సంగతి నేను చూసుకుంటా. నువ్వు తిను."

ఎలుగుబంటి నడుము దాకా కరిగింది, మెడ దాకా కరిగింది. మొదటి చెంచా నేనే తాగాను. రుచి అదే. అబ్బ అనలేదు. వేద నవ్వలేదు. కాసేపు గిన్నెలోకి చూస్తూ కూర్చుని, కళ్ళు తుడుచుకుని, చెంచా ముంచింది. ముక్కు ఎగబీలుస్తూ గిన్నె ఖాళీ చేసింది. నవ్వకుండా కూడా నా పిల్ల తినగలదని ఆ రోజు తెలిసింది.

అక్కణ్ణించి నేరుగా బ్రిడ్జ్‌వాటర్‌కి డ్రైవ్ చేశాను. దాన్ని స్వామి ఎదుట నిలబెట్టి, ఇదిగో పిల్ల, తింటోంది, మాటిచ్చినట్టే తెచ్చాను, నా కడుపులో ఏముందో నీకు తెలుసు అని చెప్పుకున్నాను. మొక్కు తీరిందో తప్పిందో నాకైతే తెలియదు. రెండూ ఒకే గిన్నెలో ఉడికాయి. పూజారిగారు తీర్థం ఇస్తే చెయ్యి పట్టాను.

ఇప్పుడు ఇంట్లో చేపల పులుసు కాస్తున్నాను. వేద ముళ్ళు తీసుకుని తినడం నేర్చుకుంది, వడ్డించబోతే ఇంకో ముక్క అంటుంది. మా ఆయన చాలాసార్లు క్షమించమన్నాడు. పాపం, ఏ హోటలుకి వెళ్ళినా మెనూ ముందు నా చేతికే ఇస్తాడు. నేను చదివే ఆర్డరు పెడతాను. చూసేవాళ్ళకు ముచ్చటైన సంసారమే మాది.

కాకపోతే సాయంత్రాలు తండ్రీకూతుళ్ళు హాల్లో కూర్చుని ఏదో చూసి నవ్వుతుంటారు. వంటింట్లో నా చెయ్యి దానంతట అదే పొయ్యి మీదికి పోయి మంట తగ్గిస్తుంది, పులుసు చప్పుడులో వాళ్ళ మాట వినపడదని. అది వేదకు తెలుసు. పరుగెత్తుకొచ్చి, ఇందుకమ్మా నవ్వింది, ఇదిగో దీనికి అని ఫోన్ నా కళ్ళ ముందు పెడుతుంది. చూసి నేనూ నవ్వుతాను. అది హాల్లోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ నవ్వులు మొదలవుతాయి. నేను మళ్ళీ మంట తగ్గిస్తాను.